పామాయిల్ తోటలో లాంచీ

ఆ లాంచీని అమ్మినాయన బేరమాడలేదు. నేను చెప్పిన ధరకు తల ఊపి, చేయి కలిపి, "జల్దీ తీస్కపోండ్రి" అన్నాడు. భద్రాచలం దిగువన గోదావరి ఒడ్డున ఇసుక మీదికి లాగి పెట్టిన పాత మోటారు లాంచీ అది. ఎవరో కాంట్రాక్టరు ఒకప్పుడు తన అతిథులను నది మీద తిప్పడానికి ముచ్చటపడి కట్టించుకున్నాడట. కింద ఇనుప పొట్ట, పైన చెక్క డెక్కు, ముందు అద్దాల కిటికీలున్న చిన్న గది, వెనక మూత కింద లారీ ఇంజిను. చేతులు మారుతూ మారుతూ ఈయన దగ్గరికి చేరింది. అంత తేలిగ్గా వదిలించుకుంటున్నాడంటే అందులో ఏదో లొసుగు ఉండే ఉంటుందని నాకూ అనిపించింది. కానీ ఇంజిను మూత ఎత్తి చూశాక ఆ అనుమానం వెనక్కి పోయింది. ఆ ఇంజిను నాకు తెలుసు. అలాంటివాటిని విప్పి బిగించడంలోనే నా వయసంతా గడిచింది.

ఖమ్మంలో నాకు ట్రాక్టర్ల రిపేరు షెడ్డు ఉండేది. నడుం నొప్పి ముదిరాక దాన్ని వేరేవాళ్లకు అప్పగించి ఇంట్లో కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం నాకు చేతకాలేదు. మా ఆవిడది నది ఒడ్డు ఊరు. పెళ్లయిన కొత్తలో అత్తగారింటికి లాంచీలోనే వెళ్లేవాళ్లం. నేను ప్రయాణికులతో కూర్చోకుండా ఇంజిను దగ్గర నిలబడేవాణ్ని. చేతులు ఖాళీ అయ్యేసరికి ఆ రోజులు గుర్తొచ్చి, ఒక పాత లాంచీ కొని సొంతంగా బాగుచేసుకుందామనే ఆలోచన పట్టుకుంది.

కొనే రోజున ఆమె లాంచీ చుట్టూ తిరిగింది. వంగి, అడుగు భాగం మీద అరచేయి రాసి, చేయి వాసన చూసుకుంది.

"ఇది మొన్న ఏసిన రంగు," అంది.

అమ్మేవాళ్లు ఎవరైనా రంగు వేస్తారన్నాను.

"అమ్మేటోడు పైన ఏస్తడు. ఈయన కింద ఏసిండు."

నేను నవ్వాను. అప్పటికే బయానా ఇచ్చేశాను.

ఖమ్మంలో మా ఇంటి దగ్గర సైకిలు పెట్టుకోవడానికే చోటు లేదు. మా చెల్లెలి భర్తకు ములకలపల్లి దగ్గర పామాయిల్ తోట ఉంది, తోటలో ఎరువుల బస్తాలూ ట్రాక్టరూ పెట్టుకునే పెద్ద రేకుల షెడ్డు ఉంది. అడగ్గానే బావ సరేనన్నాడు. పొక్లెయినర్లను మోసే ట్రాలీ కిరాయికి తీసుకుని, క్రేనుతో ఎత్తించి, కరెంటు తీగల కింద ఆగుతూ ఆగుతూ లాంచీని తోటకు చేర్చాం. నది ఛాయ కూడా లేని చోట, చెట్ల వరసల మధ్య, మొద్దుల మీద కూర్చున్న లాంచీని చూడటానికి ఊరు ఊరంతా వచ్చింది. దీన్ని ఎక్కడ నడుపుతావని అడిగినవాళ్లకు గోదావరిలో అని చెబితే, మరి గోదావరి దగ్గరే ఎందుకు బాగుచేయలేదని అడిగేవారు. వరదొస్తే ఒడ్డున పని సాగదన్న నా జవాబు ఎవరికీ నమ్మకం కలిగించలేదు. అడవి అంచు ఊరు కదా, ఏదైనా కొత్త వస్తువు వచ్చిందంటే దాని కింద ఏం దాచారోనని చూస్తారు. లాంచీ అడుగున బంగారం దొరికిందని ఒకరు, రాత్రిళ్లు దాంట్లో సరుకు దించుతున్నారని ఇంకొకరు అనుకుంటున్నారని మా చెల్లెలు చెప్పింది.

మొదటి వారంలోనే మా ఆవిడ అనుమానం నిజమని తేలింది. అడుగున రంగు గీకిస్తే కింద ఇనుము లేదు, సిమెంటు ఉంది. తుప్పు తిన్న చిల్లులను సిమెంటుతో పూడ్చి, పైన రంగు పూశారు. సుత్తి తీసుకుని పొట్ట పొడవునా కొడుతూ పోయాను. మంచి ఇనుము గంటలా మోగింది, పలచబడ్డది మొద్దుగా పలికింది. మొద్దుగా పలికిన చోటల్లా ఆమె సుద్దముక్కతో గుర్తు పెట్టింది. చివరికి చూస్తే ఒక పక్క అంతా తెల్లగా అయిపోయింది. ఆమె మిగిలిన సుద్దముక్కను నా చేతిలో పెట్టి బయటికి వెళ్లింది. నేను చెప్పలేదా అని ఉంటే నాకు అంత కష్టంగా అనిపించేది కాదు.

వానాకాలమంతా ఆ పనే. చెడిన రేకు కోసేసి కొత్త రేకు అతికించాను. వెల్డింగు నేనే చేశాను, నడుం పట్టేస్తే పడుకుని చేశాను. ఇంజిను దింపి, పూర్తిగా విప్పి, కడిగి, అరిగినవి మార్చాను. పాత వైర్లన్నీ పీకేసి కొత్తవి వేశాను. గది పైన సోలారు పలక బిగించి, దానితో లైట్లూ, అడుగున చేరే నీటిని తోడే చిన్న పంపూ నడిచేలా చేశాను. మా ఆవిడ పక్కనే ఉండి ప్రతి నట్టూ నేను బిగించాక మళ్లీ తను పానా పెట్టి చూసేది. నా మీద నమ్మకం లేదా అంటే, నీ మీద ఉంది, నట్టు మీద లేదు అనేది.

డెక్కు చెక్క పూర్తిగా పుచ్చిపోయింది. దానికోసం ఖమ్మంలో నా షెడ్డు పక్కన దుకాణం ఉన్న వడ్రంగిని పిలిపించాను. తాతల నాటి నుంచి ఆ పనిలో ఉన్న ముస్లిం కుటుంబం వాళ్లది. పనిలో మాట తక్కువ మనిషి. టేకు అయితేనే నీళ్లకూ ఎండకూ ఆగుతుందన్నాడు. ఆ మాట విన్న బావ, తన దగ్గర టేకు ఉందనీ, పాత ఇల్లు కూల్చినప్పుడు వచ్చిన దూలాలను పలకలుగా కోయించి పెట్టాననీ, ఇంటి మనిషివి నువ్వు బయట కొనడమేమిటనీ అన్నాడు. మర్నాడు పలకలు తెచ్చి షెడ్డులో ఎరువుల బస్తాల వెనక పేర్చి, పైన పట్టా కప్పించాడు.

ఆ సాయంత్రం మా ఆవిడ నన్ను బస్తాల వెనక్కి పిలిచింది. పట్టా ఎత్తి చూపించింది.

"పాత దూలాలంటే మేకు బొక్కలుండాలె. సున్నం మరకలుండాలె. పొయ్యి పొగ పట్టి నల్లగుండాలె. ఇదేంది, నిన్న కోసినట్టు గిట్ల పచ్చగుంది?"

కోయించినప్పుడు పై పొర పోయి ఉంటుందన్నాను. ఆమె పలక చివర ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, పట్టా కప్పేసింది. తర్వాత రెండుసార్లు ఇదే మాట ఎత్తింది. రెండోసారి నాకు కోపం వచ్చింది. జాగా ఇచ్చి, అన్నం పెట్టి, కలప కూడా ఇస్తున్న మనిషిని దొంగ అంటావా అని అరిచాను. మా చెల్లెలు వినేలాగే అరిచాను. ఆ తర్వాత ఆమె ఆ సంగతి ఎత్తలేదు.

డెక్కు సగం అయ్యేసరికి వడ్రంగి, అమ్మకు ఒంట్లో బాగాలేదు, దవాఖానాలో చూపించాలని చెప్పి ఖమ్మం వెళ్లిపోయాడు. అతను వెళ్లిన కొద్ది రోజులకు, పొద్దున్నే, ఫారెస్టు వాళ్ల జీపు తోటలోకి వచ్చింది. దిగిన ఆఫీసరు లాంచీ వైపు చూడనే లేదు. నేరుగా షెడ్డులోకి వెళ్లి, బస్తాలు జరిపించి, పట్టా తీయించాడు. అక్కడ ఉందని ఎవరో చెబితే తప్ప ఎవరూ అలా వెళ్లరు.

ఫారెస్టు డిపోలో కొన్న కలపకు చివర ముద్ర ఉంటుంది, దీనికి ముద్ర ఏదని అడిగాడు. నేను బావ వైపు చూశాను. పాత ఇంటి దూలాలని బావే చెబుతాడనుకున్నాను.

"నాకేం ఎరుక సార్," అన్నాడు బావ. "లాంచీ మా బావమరిదిది. నేను జాగా ఇచ్చిన, గంతే."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా ముఖం చూడలేదు. గుమ్మంలో మా చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆమెను చూశాక నేను నిజం చెప్పలేకపోయాను. కలప నాదేననీ, దారిన పోయే బండి దగ్గర కొన్నాననీ చెప్పాను. డెక్కుకు కొట్టిన పలకలను కూడా ఊడదీయించి జీపు వెనక వచ్చిన ట్రాక్టరులో వేసుకున్నారు. లాంచీ జోలికి రాలేదు. నన్ను ఆఫీసుకు తీసుకెళ్లి, రాయాల్సినవి రాయించుకుని, జరిమానా కట్టించుకుని సాయంత్రానికి పంపేశారు.

నేను తిరిగి వచ్చేసరికి బావ వరండాలో కూర్చుని ఉన్నాడు. "ఆ వడ్రంగోడే చెప్పిండు," అన్నాడు, నేను అడగకముందే. తర్వాత ఊళ్లో నలుగురికీ అదే చెప్పాడు.

నాకు అది సగం నిజమనిపించింది. మధ్యలో పని వదిలి ఎందుకు వెళ్లాడు? ఫోను చేస్తే ఎందుకు ఎత్తడం లేదు? మిగతా సగం అనుమానం బావ మీదే ఉంది. తన మీదికి రాకుండా నా మీదికి తోసేందుకు తనే చెప్పాడేమో. గెలలు కోసే కూలీల మీద, పక్క తోట రైతు మీద, పాలు పోసేవాడి మీద కూడా అనుమానమే. ఎవరు ఫోనులో మాట్లాడుతూ కనిపించినా నా గురించే అనిపించేది. షెడ్డులోంచి వెళ్లేటప్పుడు పానాలు ఒక వరసలో పెట్టి, వచ్చాక వరస మారిందేమో చూసేవాణ్ని. లాంచీ గదికి తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. అన్నం తింటుంటే కూడా ఎదుటివాళ్ల ముఖాలు చదవడమే పని. అలా ఉంటే మనిషి ఎంత అలిసిపోతాడో నాకు అప్పుడే తెలిసింది.

చివరికి ఖమ్మం వెళ్లి వడ్రంగిని దుకాణంలోనే పట్టుకున్నాను. అతను నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు. వాళ్లమ్మ దుకాణం వెనక గదిలో, చక్కగా కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. అది చూసి నాకు ఒళ్లు మండింది. నేనేం అడగకముందే అతను చెప్పాడు.

"అమ్మకు బాగలేదన్నది అబద్ధమే అన్నా. ఆ చెక్క చూసి నాకు భయమైంది. మీ బావను దొంగ అని మీకు చెప్పుడు నాతోని కాలె. అందుకే వచ్చేసిన. కానీ నేను ఎవ్వరికీ చెప్పలె. అక్కడ నా పేరు ఖరాబైంది. ములకలపల్లిల తలుపుల పని ఒకటి ఒప్పుకున్న, వాళ్లు వద్దన్నరు."

నమ్మాలో వద్దో తెలియలేదు. ఒకసారి అబద్ధం ఆడినవాడు రెండోసారి ఎందుకు ఆడడు? టీ తాగి వచ్చేసి, అతను అన్నదంతా మా ఆవిడకు చెప్పాను.

ఆ వారంలోనే లాంచీ పంకా కడ్డీ ఎక్కించాల్సి వచ్చింది. ఇంజిను నుంచి వెనక పంకా దాకా వెళ్లే పొడవాటి ఇనుప కడ్డీ అది. లాంచీ పొట్టలోంచి అది బయటికి వచ్చే చోట ఒక గొట్టం ఉంటుంది. ఆ సందులోంచి నది లోపలికి రాకుండా గ్రీజు పట్టించిన తాడు చుట్టలు చుట్టి దట్టించాలి. ఒకరు లోపల, ఒకరు బయట ఉండాలి. మా ఆవిడ లోపల ఇంజిను పక్కన కూర్చుంది. నేను బయట, మొద్దుల మధ్య వెల్లకిలా పడుకుని కడ్డీని పట్టుకున్నాను. మా ఇద్దరి మధ్య ఇనుప రేకు. ఆమె ముఖం నాకు కనపడదు, గొంతు మాత్రం గొట్టంలోంచి వస్తోంది.

తాడు ఎక్కిందా అని అడిగాను.

"ఎక్కింది," అంది. ఇంకో చుట్ట దట్టిస్తూ, "ఒక మాట చెప్త. కడ్డీ వదలకు," అంది.

"ఏంది?"

"ఫారెస్టోళ్లకు చెప్పింది నేనే."

కడ్డీ వదల్లేదు. వదిలితే నా ఛాతీ మీద పడుతుంది. నాకు చెప్పొచ్చు కదా అన్నాను.

"మూడుసార్లు చెప్పిన. నువ్వు ఇనలె." ఆమె గొంతు మామూలుగానే ఉంది, తాడు దట్టిస్తున్న చప్పుడు కూడా ఆగలేదు. "లాంచీ నీళ్లల్ల దిగినంక గా చెక్కతోని పట్టుకుంటే లాంచీ పోతది, నువ్వు పోతవ్. నేల మీద ఉన్నప్పుడైతే చెక్కలే పోతయ్. చెక్క తెచ్చినాయన చెప్పుకుంటడనుకున్న. నిన్ను ముందలకు తోస్తడనుకోలె."

ఆ కడ్డీ సరిగ్గా కూర్చునే వరకూ ఇద్దరం పని ఆపలేదు. తర్వాత చాలా రోజులు మేం మాట్లాడుకోలేదు. ఆమె చేసింది తప్పని నేను అనలేను, కానీ మింగుడు పడలేదు. వడ్రంగి మీద, బావ మీద, పాలవాడి మీద పెట్టుకున్న అనుమానమంతా ఒక్కసారిగా ఆమె మీదికి తిరిగింది. నాకు తెలియకుండా ఇంకేమేం చేస్తుందో! ఇన్నేళ్లలో ఇలా ఎన్నిసార్లు చేసిందో! ఆమె ఫోను మోగితే చెవి అటే పోయేది. ఆమెకు అది తెలుసు. తెలిసి, ఎవరి ఫోను వచ్చినా స్పీకరు పెట్టి మాట్లాడటం మొదలుపెట్టింది. వాళ్లక్క కూరల సంగతులు, గ్యాసు బండ సంగతులు అన్నీ వినాల్సి వచ్చింది. కొన్నాళ్లకు ఆ స్పీకరు కట్టేయమని నేనే అడిగాను. అలా మాటలు కలిశాయి.

బావ షెడ్డులో ఇంక ఉండబుద్ధి కాలేదు. డెక్కుకు చెక్క మానేసి, బస్సుల్లో వేసే గరుకు అల్యూమినియం రేకు తెప్పించి పరిచాను. వరదలు తగ్గి గోదావరి నెమ్మదించాక మళ్లీ ట్రాలీ, మళ్లీ క్రేను. కావాల్సిన అనుమతులు తెచ్చుకుని లాంచీని నీళ్లలో దింపాం. దింపగానే నడుపుదామన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. లోపల అడుగంతా గుడ్డతో తుడిచి, పొడి న్యూసు పేపర్లు పరిచి, ఒడ్డున తాళ్లతో కట్టేయించింది. పొద్దునా సాయంత్రం దిగి ఒక్కొక్క పేపరూ తడిమి చూసేది. కడ్డీ గొట్టం దగ్గర నుంచి మాత్రం ఆగి ఆగి ఒక్కో బొట్టు వచ్చింది. ఆ మాత్రం రావాలి, లేకపోతే తాడు వేడెక్కి మాడిపోతుంది. మిగతా పేపర్లన్నీ పొడిగానే ఉన్నాయి. అయినా ఇంకో వారం చూద్దామంది.

మొదటిసారి నడిపిన రోజు ఎండ మెత్తగా ఉంది. ఎదురు ప్రవాహంలో ఇంజిను చక్కగా పలుకుతోంది. నేను చక్రం పట్టుకుని ముందుకు చూస్తున్నాను. ఆమె మాత్రం వెనక వైపుకు తిరిగి, పొగ గొట్టం దగ్గర కూర్చుంది. నదంతా వదిలేసి పొగను చూడటమేమిటని అడిగితే చూడనీ అంది. కొంత దూరం వెళ్లాక నా భుజం తట్టింది.

"ఇది నీళ్లు ఊస్తలేదు."

ఇంజినును చల్లబరచడానికి నది నీళ్లు లోపలికి వచ్చి, పొగతో పాటు బయటికి పోవాలి. వెనక్కి చూస్తే పొడి పొగ మాత్రమే వస్తోంది. వేడి చూపించే ముల్లు అప్పుడప్పుడే లేస్తోంది. ఇంకొంచెం నడిపితే ఇంజిను హెడ్డు పగిలేది. ఇంజిను ఆపేశాను. లాంచీ పక్కకు తిరిగి ప్రవాహంలో వెనక్కి జారడం మొదలైంది. ఆమె గడకర్ర తీసుకుని ఒడ్డు రాళ్లకు కొట్టుకోకుండా చూసింది. నేను నది నీటిని వడగట్టే జల్లెడ డబ్బా విప్పితే దాన్నిండా నాచు ఇరుక్కుని ఉంది. తీసి, కడిగి, బిగించి మళ్లీ స్టార్టు చేశాను. వెనక నుంచి నీళ్లు చిమ్మాయి. చిమ్ముతున్నాయని ఆమె చెప్పే వరకూ నేను గేరు వేయలేదు.

లాంచీ బాగా నడుస్తోందని తెలిశాక మా చెల్లెలు ఎక్కుతానంది. బావ కూడా వచ్చాడు. ఫారెస్టు వాళ్లు వచ్చి వెళ్లినప్పటి నుంచి ఆయనా నేనూ అవసరమైన మాటలే మాట్లాడుకుంటున్నాం. ఆ టేకు ఎవరో అమ్మజూపితే బావ చవగ్గా కొన్నాడనీ, ఎక్కడిదని అడగలేదనీ అప్పటికే చెల్లెలు నాకు చెప్పింది. నది మధ్యలో ఇసుక తిన్నె దగ్గర ఇంజిను ఆపి తాడు కట్టాం. మా ఆవిడ ఫ్లాస్కులోంచి టీ పోస్తోంది. బావ చెప్పుల్లేకుండా రేకు మీద కాలు పెట్టి, కాలినట్టు తీసుకున్నాడు.

"టేకైతే సల్లగుండేది," అన్నాడు. "అంతా ఆ వడ్రంగోడు చెయ్యబట్టే."

మా ఆవిడ ఫ్లాస్కు కింద పెట్టింది.

"అన్నయ్యా, ఆయన చెప్పలె. చెప్పింది నేను. ఊళ్లె ఆయన పేరు ఇంక తీయకు. నువ్వే పోయి ఆ తలుపులోళ్లకు చెప్పు."

చెల్లెలు నీళ్ల వైపు తిరిగింది. ఆమెకు ముందే తెలుసో, అనుమానం ఉందో, ఇప్పటికీ నేను అడగలేదు. బావ చేతిలో గ్లాసు తిప్పుతూ, "అవ్," అని మాత్రం అన్నాడు. ఏ మాటకు అవునన్నాడో మాకెవరికీ అర్థం కాలేదు. టీ తాగి, ముందు వైపుకు వెళ్లి, ఒడ్డు చేరే వరకూ కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాడు.

తలుపుల పని మళ్లీ వడ్రంగికి వచ్చింది. ఎవరు చెప్పారో తెలియదని, వాళ్లే ఫోను చేసి రమ్మన్నారని అతను అన్నాడు. బావ వెళ్లి చెప్పాడనే నేననుకుంటున్నాను. మా ఆవిడ మాత్రం అంత తొందరగా అనుకోదు. పండక్కీ పబ్బానికీ మేం ములకలపల్లి వెళుతూనే ఉన్నాం. బావ గేటు దాకా ఎదురొస్తాడు, కోడి కోయిస్తాడు, నాకు కొసరి వడ్డిస్తాడు. ఆమెను మాత్రం, పెళ్లయినప్పటి నుంచి 'చెల్లే, నువ్వు' అని పిలిచిన మనిషి, ఇప్పుడు "మీరు కూర్చోండి" అంటాడు. ఆమె కూర్చుంటుంది.